ఉద్యోగమే కైంకర్యము

మానవుని ఆయుర్దాయమున అధికభాగము పనియందే గడచుచున్నది. ఒకడు పొలమున, ఒకడు దుకాణమున, ఒకడు కచేరీలో, మరియొకడు యంత్రశాలలో శ్రమించుచున్నాడు. గృహిణి తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి దీపమార్పు వరకు ఇంటిపనిలోనే యుండును. దేవతార్చనకు దొరకు సమయము స్వల్పము. క్షేత్రయాత్రకు దొరకు దినములు మరింత స్వల్పము. ఇట్టి స్థితిలో ఈ పని భగవంతుని చేరుటకు అడ్డంకియా లేక దారియా అను ప్రశ్న ప్రతి భక్తుని మనస్సున ఎప్పుడో ఒకప్పుడు ఉదయింపక మానదు.

తిరుమలకు వచ్చు యాత్రికులలో ఉద్యోగము కొరకు మ్రొక్కుకొన్నవారు కలరు. ఉన్నతపదవి కొరకు ముడుపు కట్టినవారు కలరు. వ్యాపారము వృద్ధి చెందినచో తలనీలాలిచ్చెదమని అనుకొన్నవారు కలరు. ఇట్లు కోరుట తప్పు కాదు. బిడ్డలు తమ అవసరములను తండ్రికి చెప్పుకొనక మరెవ్వరికి చెప్పుకొందురు? అయితే కోరిక తీరిన పిమ్మట ఏమగుచున్నదో గమనింపవలెను. మ్రొక్కు ఫలించి పదవి లభించినవాడు ఆరుమాసములు సంతోషించును. ఏడవ మాసమున అతని చూపు పై పదవిలో నున్న వానిపై నిలచును. తోటివాని ఉన్నతి తనకు పరాజయముగా తోచును. జీతము పెరిగినకొలది ఇంట ఆలుబిడ్డలతో మాటలాడు సమయము తగ్గును. నిద్ర కరవగును. చివరకు పదవీవిరమణ దినమున మెడలో పూలదండలు పడును. మరునాటి ఉదయము లేచి చూచుకొన్నచో, పదవిని తీసివేసిన పిదప తానెవ్వడో తనకే తెలియకుండును. ముప్పది సంవత్సరములు శ్రమించి సంపాదించినది ఒక్క సాయంకాలముతో ముగిసిపోవుట ఎంత దయనీయము!

ఇందుకు భయపడి కొందరు రెండవ మార్గము పట్టుదురు. సర్వము మిథ్య యనుచు చేయవలసిన పనిని అశ్రద్ధ చేయుదురు. సోమరితనమునకు వైరాగ్యమని పేరు పెట్టుకొందురు. తమ భారమును తోటివారిపై మోపుదురు. శ్రీవైష్ణవ సంప్రదాయము ఈ రెండు మార్గములను అంగీకరింపలేదు. పూర్వాచార్యులు చూపినది మూడవ మార్గము. దానికి కైంకర్యమని పేరు.

స్వకర్మయే అర్చన

ఉద్యోగమనగా నేడు జీతము తెచ్చు కొలువు అను అర్థము స్థిరపడినది. సంస్కృతమున ఆ పదమునకు పూనిక, ప్రయత్నము అని అర్థము. మహాభారతమున ఉద్యోగపర్వమునకు ఆ పేరు వచ్చినది ఈ అర్థమునుండియే. కైంకర్యమను పదము కింకర శబ్దమునుండి పుట్టినది. "ఏమి చేయుదును?" అని అడుగుచు ఆజ్ఞకై వేచియుండువాడు కింకరుడు. పూనికతో పనిచేయుట ఉద్యోగము. ఆ పూనికను స్వామియొద్ద నిలిపి, ఆయన ప్రీతికై పనిచేయుట కైంకర్యము. పని ఒక్కటే అయినను చేయువాని దృష్టి మారినప్పుడు దాని స్వరూపమే మారును.

భగవద్గీత పుట్టినది అడవిలోని ఆశ్రమమున కాదు. ఒక యోధుడు తన పనియెదుట నిలచి, చేయలేనని విల్లు జారవిడిచిన సమయమున అది పుట్టినది. అర్జునుడు యుద్ధము వద్దనెను, భిక్షాటనము మేలనెను. శ్రీకృష్ణ భగవానుడు అతనిని అడవికి పంపలేదు, రథముమీదనే నిలిపి తన పనిని తానే మరియొక దృష్టితో చేయుమని బోధించెను. గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఒక గొప్ప రహస్యమును వెల్లడించియున్నాడు. ఎవనినుండి సమస్త ప్రాణులకు ప్రవృత్తి కలుగుచున్నదో, ఎవనిచే ఈ జగత్తంతయు వ్యాపింపబడియున్నదో, ఆ పరమాత్మను మానవుడు తన కర్మచేతనే అర్చించి సిద్ధిని పొందునని దాని భావము. పుష్పములతో చేయు అర్చన యొకటి. తన చేతిపనితో చేయు అర్చన మరియొకటి. రెండవది ప్రతి మానవునకు ప్రతిదినము అందుబాటులో నున్నది.

మూడు త్యాగములు

పనిని అర్చనగా మార్చు విధానమేది? భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున దీనిని స్పష్టముగా వివరించియున్నారు. త్యాగమనగా పనిని విడుచుట కాదనియు, పనిలో మూడింటిని విడుచుట యనియు వారి ఉపదేశము. ఈ కర్మ నాది యను మమకారమును విడుచుట మొదటిది. నేనే చేయుచున్నానను కర్తృత్వాభిమానమును విడుచుట రెండవది. దీని ఫలము నాకే చెందవలెనను ఆశను విడుచుట మూడవది. ఆచారపరులైన శ్రీవైష్ణవుల ఇండ్లలో నిత్యకర్మ ఆరంభమునను, ముగింపునను సాత్త్విక త్యాగమును అనుసంధించు సంప్రదాయము నేటికిని కలదు. భగవంతుడే తన ప్రీతికొరకు, తనకు శేషభూతుడైన ఈ జీవునిచేత, తన కర్మను తానే చేయించుకొనుచున్నాడని వారు భావింతురు. సంధ్యావందనమునకు వర్తించు ఈ భావన కచేరీపనికి వర్తింపదని ఏ ఆచార్యుడును చెప్పలేదు.

కర్తృత్వము విషయమున గీత చెప్పిన మరియొక మాట గమనింపదగినది. ఏ కార్యము జరుగుటకైనను అయిదు కారణములు కావలెనట. పనికి ఆధారమైన శరీరము, చేయు జీవుడు, ఇంద్రియములు మొదలగు సాధనములు, నానావిధములైన ప్రాణవ్యాపారములు, వీనితోపాటు దైవము. ఈ అయిదవదియగు దైవము అంతర్యామియగు పరమాత్మయేనని రామానుజుల వ్యాఖ్యానము. కనుక ఏ విజయమునందైనను మానవుని వంతు అయిదింట ఒకటి మాత్రమే. ఈ లెక్క తెలిసినవాడు గెలిచినప్పుడు గర్వింపడు. అంతకంటె ముఖ్యముగా, ఓడినప్పుడు క్రుంగిపోడు. తన వంతు తాను శ్రద్ధగా చేసియున్నయెడల, మిగిలినదంతయు తన తలపై మోయవలసిన అవసరము అతనికి లేదు.

అట్లయినచో పైకి రావలెనను పట్టుదల తగదా యని సందేహము కలుగవచ్చును. హనుమంతుని చరిత్ర ఇందుకు సమాధానము. సముద్రలంఘన సమయమున మైనాకుడు పైకి వచ్చి విశ్రమింపుమని వేడెను. హనుమంతుడు అతని ప్రీతికై చేతితో తాకి ముందునకు సాగెనే కాని నిలువలేదు. లంకలో ఎంత వెదకినను సీతమ్మ కానరానప్పుడు ఒక్కక్షణము నిరాశ కలిగినను, దానిని త్రోసివైచి మరల వెదకెను. ఇంతటి పట్టుదల ఏ పదవికాంక్ష గలవానియందును కానరాదు. అయితే ఆ పట్టుదల రామకార్యముకొరకు, తన పేరుకొరకు కాదు. తిరిగివచ్చి వార్త చెప్పినప్పుడు, తగిన బహుమానమేదియు తనవద్ద లేదని శ్రీరాముడు బాధపడి, తన ఆలింగనమునే ఆయనకు సర్వస్వముగా ఇచ్చెను. ఏ పదవి ఆ ఆలింగనమునకు సాటి రాగలదు? పట్టుదలను విడువుమని పెద్దలు చెప్పలేదు. అది ఎవరి కొరకో తెలిసికొనుమని చెప్పిరి.

మహాద్వారమునందలి గునపము

శ్రీవారి ఆలయ మహాద్వారమున గోడకు ఎత్తుగా ఒక ఇనుప గునపము అమర్చబడియున్నది. గోవిందనామము పలుకుచు ముందునకు సాగు భక్తులలో దానిని తలయెత్తి చూచువారు కొలదిమందియే. స్వర్ణమయమైన ఆలయమున మన్ను త్రవ్వు పనిముట్టునకు స్థానమెట్లు కలిగెను?

శ్రీరంగమున భగవద్రామానుజులు తిరువాయ్మొళికి వ్యాఖ్యానము చెప్పుచు తిరువేంగడముడైయానుని పుష్పకైంకర్య ప్రసక్తి రాగా, అచ్చట నిత్యము పూలసేవ చేయుటకు ఎవరైనను పోగలరా యని శిష్యులను అడిగిరట. ఆ కాలమున తిరుమల దట్టమైన అడవి. చలి దుర్భరము. గోష్ఠిలో అందరు మౌనము వహింపగా అనంతాళ్వాను ఒక్కడే లేచి తాను పోయెదననెను. నీవే పురుషుడవని ఆచార్యులు ఆయనను మెచ్చుకొనిరని గురుపరంపర చెప్పుచున్నది. ఆయన భార్యతో కొండకు చేరి, తోట వేసి దానికి గురువు పేరే పెట్టెను. తోటకు నీరు కావలెను. చెరువు త్రవ్వుటకు కూలివారిని పెట్టుకొనక తానే గునపముతో మన్ను త్రవ్వుచుండెను. గర్భవతియైన భార్య ఆ మట్టిని గంపలకెత్తి దూరముగా పోసి వచ్చుచుండెను.

ఆమె అవస్థ చూచి ఒక బాలుడు వచ్చి తాను సాయపడెదననెను. అనంతాళ్వాను అంగీకరింపలేదు. ఇది గురువు తనకు అప్పగించిన కైంకర్యము, ఇందులో ఇతరులకు పాలు లేదని ఆయన తలంపు. బాలుడు అంతటితో పోలేదు. త్రోవ మలుపున ఆ తల్లి చేతినుండి గంపను అందుకొని తానే మట్టి పోసి వచ్చుచుండెను. భార్య త్వరత్వరగా తిరిగివచ్చుచుండుట చూచి అనంతాళ్వాను సంగతి గ్రహించెను. కోపముతో బాలునిపై గునపమును విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు పరుగెత్తి ఆలయములోనికి పోయి అదృశ్యుడయ్యెను. పిదప గర్భాలయమున చూడగా శ్రీవారి గడ్డమునుండి రక్తము స్రవించుచుండెను. అనంతాళ్వాను గుండె పగిలినట్లయినది. ఆ గాయమునకు పచ్చకర్పూరము అద్దిరి. నేటికిని శ్రీవారి చుబుకమున కనబడు పచ్చకర్పూరపు గుర్తు ఈ వృత్తాంతమునకే సాక్షియని పెద్దలు చెప్పుదురు. స్వామి మన్ను మోసిన ఈ ముచ్చటను తాళ్ళపాక అన్నమాచార్యులు తమ సుప్రసిద్ధ సంకీర్తన మొకదానిలో స్మరించియున్నారు.

ఈ కథను భక్తులు అనేకమార్లు వినియున్నారు. పనిచేయువాడు దీనిని మరియొకసారి వినవలెను. అనంతాళ్వాను తన స్వార్థమునకు పనిచేయలేదు. ఫలమును ఆశింపలేదు. పేరుకూడ కోరలేదు, తోటకు సైతము గురువు పేరే పెట్టెను. అంతటి మహనీయుని పనిలో కూడ "ఇది నాది" అను ఒక సూక్ష్మమైన మమకారము మిగిలియుండెను. ధనాశ లేనివానికి, కీర్తికాంక్ష లేనివానికి కూడ చిట్టచివర మిగులు ఆశ ఇదియే. పవిత్రకార్యమున దాగియుండుటచే దానిని గుర్తించుట కష్టము. ఆ మమకారపు దెబ్బను స్వామి తన గడ్డముపై స్వీకరించెను.

దెబ్బ తగిలిన పిదప కూడ స్వామి ఆయన తోటపనిని మాన్పింపలేదు. గునపమును పారవేయింపలేదు. భక్తుని పనిముట్టు భగవంతుని ద్వారమున నిలచినది. పని విడువుమని కాక, ఆ పనిలో తనకు పాలిమ్మని మాత్రమే స్వామి అడుగుచున్నాడని దాని భావము. ఒక గంపెడు మట్టి మోయు అవకాశమునకై వైకుంఠనాథుడు బాలుడై త్రోవ మలుపున నిలచియుండగా, "నా పని నేనే చేసికొందును" అను మానవుడు ఆయనను ఎన్నిమార్లు త్రోసివేయుచున్నాడో!

ఇందులో ఆ ఇల్లాలిని మరువరాదు. ఆమె శ్రమ భర్త శ్రమకంటె తక్కువది కాదు. ఎవరైనను సాయము వచ్చినప్పుడు ఆమె గంపను అందించెను. తనకు పట్టుదల లేకపోవుటచేత కాక, అహంకారము అడ్డు రాకపోవుటచేతనే అట్లు చేయగలిగెను. స్వామి హస్తము ముందుగా ఆమె గంపకే తగిలినది. పదవియు, జీతమును, మెప్పును లేక జీవితమంతయు ఇంటిపని చేయు స్త్రీలు ఈ విషయమును జ్ఞాపకముంచుకొనదగును. ఇంటివారు కూడ జ్ఞాపకముంచుకొని ఆ గంపను కొంత అందుకొనదగును.

మట్టిపూలు, నీటికుండ

తిరుమల చరిత్రమున చేతిపనిచేత స్వామిని గెలుచుకొన్న మరియొకడు కురువ గ్రామపు కుమ్మరి. శ్రీ వేంకటాచల మాహాత్మ్యము అతని కథను చెప్పుచున్నది. అతడు పేదవాడు. కొండకు పోయి స్వామిని సేవించు తీరిక అతనికి లేదు. సారెపై కుండలు చేసిన పిమ్మట చేతికంటిన మట్టితోనే పూలు చేసి, తాను చేసికొన్న స్వామి ప్రతిమ పాదములకు సమర్పించుచుండెను. అదే కాలమున తొండమాన్ చక్రవర్తి ఆనందనిలయమున స్వర్ణపుష్పములతో అర్చన చేయుచుండెను. ఒకదినమున తాను సమర్పించిన బంగారు పూలు ప్రక్కకు తొలగియుండుటయు, స్వామి పాదములపై మట్టిపూలుండుటయు చూచి చక్రవర్తి విస్మితుడయ్యెను. స్వామి ఆనతిచ్చిన పిదప ఆ కుమ్మరి ఇంటిని వెదకికొనుచు పోయి అతని భక్తిని కన్నులార చూచెను.

చక్రవర్తి సంపదలో దోషము లేదు, బంగారుపూలను స్వామి నిరాకరింపలేదు. అయితే కుమ్మరి సమర్పించిన పూలలో ఆ దినపు పని ఉన్నది. సారె త్రిప్పిన శ్రమ, చేతికంటిన మట్టి, రోజంతయు గడచిన అలసట, అన్నియు ఆ పూలలో కలసియున్నవి. పూజకై వేరే సమయము దొరకలేదని విచారించు ఉద్యోగికి ఇది గొప్ప ఊరట. ఉపాధ్యాయుని చేతికి అంటిన సుద్దపొడి, లేఖకుని వ్రేళ్ళకంటిన సిరా, రైతు కాళ్ళకంటిన బురద పూలు కాగలవు.

శ్రీరామానుజుల మేనమామయగు తిరుమలనంబి చరిత్ర మరియొక పాఠము. ఆయన ప్రతిదినము పాపవినాశనమునుండి స్వామి అభిషేకమునకు తీర్థమును కుండతో మోసితెచ్చుచుండెను. ఒకదినమున స్వామి వేటకాని రూపమున వచ్చి దాహమనెను. అభిషేకజలమును ఇచ్చుటకు నంబి అంగీకరింపలేదు. వేటకాడు బాణముతో కుండకు చిల్లు వేసి నీరు త్రాగెను. సేవకు విఘ్నము కలిగెనని వృద్ధుడు కన్నీరు పెట్టుకొనగా, వేటకాడు సమీపముననే కొండను బాణముతో కొట్టి తీర్థధారను చూపెను. అదియే ఆకాశగంగ. స్వామి ఆ వృద్ధుని తాతా యని పిలిచినట్లు సంప్రదాయము. జీవితమున ఏదో ఒకదినమున ప్రతివాని కుండ పగులును. ఎదురుచూచిన పదవి మరియొకనికి పోవును, నడుపుచున్న వ్యాపారము మూతపడును. కుండ పగిలినప్పుడు సేవ ముగిసినదని తోచును. కుండ పగులగొట్టినవాడే దగ్గరలో మరియొక ధారను చూపగలడని నంబి చరిత్ర చెప్పుచున్నది.

ఆయనయే మరియొక సందర్భమున నేర్పిన వినయము కలదు. మొదటిసారి కొండకు వచ్చుచున్న రామానుజులకు ఎదురేగి, వృద్ధుడైన నంబి స్వయముగా స్వామి ప్రసాదమును తెచ్చెను. ఇందుకై ఎవరైనను చిన్నవారిని పంపరాదా యని రామానుజులు నొచ్చుకొనిరి. నాలుగు వీథులు వెదకి చూచితినని, తనకంటె చిన్నవాడు ఎవ్వడును కనబడలేదని నంబి బదులు చెప్పెను. తనకంటె పెద్ద పదవిలో నున్నవానిని వెదకుటయే నేటి మానవుని అలవాటు. నంబి తనకంటె చిన్నవానిని వెదకెను. మొదటి వెదకులాటకు అంతము లేదు. రెండవది వెంటనే శాంతిని ఇచ్చును.

దినమునకు అయిదు భాగములు

పని కైంకర్యమైనంతమాత్రమున రేయింబవళ్ళు పనిలోనే మునిగియుండవచ్చునా? ఈ ప్రశ్నకు పాంచరాత్రాగమ సంప్రదాయము చక్కని సమాధానము ఇచ్చియున్నది. వైష్ణవుని దినమును అది అయిదు కాలములుగా విభజించినది. ప్రాతఃకాలమున భగవంతుని సమీపించి ఆ దినమును ఆయనకు విన్నవించుకొనుట అభిగమనము. పిదప ఆరాధనమునకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున ఆరాధనము ఇజ్య. పిదప పురాణేతిహాసములను, దివ్యప్రబంధములను పఠించుట, వినుట స్వాధ్యాయము. రాత్రి భగవంతుని ధ్యానించుచు ఆయనయందు మనస్సు నుంచి విశ్రమించుట యోగము.

ఇందులో ఉపాదానమునకు గల స్థానము విచారింపదగినది. నేటి గృహస్థునకు సంపాదన ఉపాదానమే. అది ఆరాధనమునకు బయటిది కాదు. దానిలోని ఒక అంగము. అందుచే సంపాదనను హీనముగా చూడరాదు. అయితే అది అయిదింట ఒకటి మాత్రమే. ఉపాదానము తక్కిన నాలుగింటిని మ్రింగివేసిన దినము, పూజాద్రవ్యములు గదినిండ పేర్చుకొని పూజ చేయుట మరచినవానివంటి దినము. నేటి ఉద్యోగికి అయిదు కాలములను శాస్త్రోక్తముగా పాటించుట సాధ్యము కాకపోవచ్చును. ఉదయము ఒక్క నమస్కారము, మధ్యాహ్నము భోజనమునకు ముందు ఒక్క నివేదన, సాయంకాలము ఇంటివారితో కూర్చుండి ఒక్క శ్లోకపఠనము, నిద్రకు ముందు ఒక్క క్షణము ధ్యానము ఎవ్వనికిని అసాధ్యము కాదు. ఆహారవిహారములందును, పనియందును, నిద్రయందును మితము పాటించువానికే యోగము దుఃఖనాశకమగునని గీత ఆరవ అధ్యాయమున చెప్పబడినది. అతిగా పనిచేయువాడు పనికి కూడ ద్రోహము చేయుచున్నాడు.

ఫలము ప్రసాదమగు విధము

ఫలత్యాగమనగానే గృహస్థునకు భయము కలుగును. జీతము తీసికొనరాదా? కుటుంబమును పోషింపవలదా? ఈ సందేహమునకు ఆలయములోని పోటు సమాధానము. అన్నప్రసాదములు, లడ్డూలు తయారగు శ్రీవారి పాకశాలకు పోటు అని పేరు. అచ్చట పనిచేయువారిని యాత్రికులు చూడరు. వారు వండునది స్వామికి నివేదనకై ఉద్దేశింపబడినది. కనుక ముందుగా రుచి చూడరు. ఆరగింపైన పిదప అదే పదార్థము ప్రసాదమై భక్తుల చేతికి తిరిగివచ్చును. స్వామికి సమర్పించినందున అన్నము తగ్గలేదు. దాని పేరు, విలువ మారినవి.

సంపాదన విషయమున కూడ ఇట్లే తలంపవలెను. పనిచేయునప్పుడు ఫలమును ముందుగా రుచి చూచుటయే ఆతురత. పని సగమున నుండగనే ప్రశంసను, బహుమానమును ఊహించుకొనువాని చేతిలోని పని చెడును. ఫలమును స్వామికి నివేదించి, ఆయన ఇచ్చినంత ప్రసాదముగా స్వీకరించువాడు జీతమును విడువనక్కరలేదు. న్యాయమైన జీతమును అడుగుట, అన్యాయము జరిగినప్పుడు మర్యాదగా ఎదిరించుట కూడ ధర్మమే. ప్రసాదమును ఎవ్వరును ఒంటరిగా భుజింపరు. ఆ బుద్ధి కలిగినప్పుడు సంపాదనలో కొంత పేదవానికి, అతిథికి, సత్కార్యమునకు తనంత తానే చేరును.

ఈ భావన వలన మరియొక ప్రయోజనము కలదు. చెడిన పదార్థమును ఎవ్వరును నివేదనకు తేరు. ఏ పనినైనను చేయుటకు ముందు "దీనిని స్వామి యెదుట ఉంచగలనా?" అని ఉద్యోగి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. లంచముతో కూడిన సంతకమును నివేదింపజాలడు. తూకమున మోసమును నివేదింపజాలడు. క్రింది ఉద్యోగి చేసిన పనికి తన పేరు పెట్టుకొని దానిని నివేదింపజాలడు. నివేదింపదగని పనిని చేయకుండుటయు, నివేదింపదగిన పనిని శక్తివంచన లేకుండ చేయుటయు అలవడినవాని యందు ఆశయమునకు, ఆత్మతృప్తికి నడుమ కలహము మిగలదు. శ్రద్ధగా పని చేయగోరుట అతని ఆశయము. అది స్వామికి చేరినదను నమ్మకము అతని తృప్తి.

ఇట్టివానికి పదవీవిరమణ దినమున కూడ భయము లేదు. కచేరీ అతనికి ఇచ్చిన పేరు తొలగిపోవును. కింకరుడను పేరు తొలగదు. కచేరీలో చేసిన సేవ ఇంటిలో, వీథిలో, ఊరిగుడిలో మరియొక రూపమున సాగును. అనంతాళ్వానును ఒకమారు పూలు కోయునప్పుడు పాము కరచినదట. చికిత్స లేకయే ఆయన పూలసేవను సాగించెను. పాము బలము గెలిచినచో విరజానదిలో స్నానమాడి వైకుంఠమున సేవింతునని, తన బలము గెలిచినచో పుష్కరిణిలో స్నానమాడి ఇచ్చటనే సేవింతునని ఆయన తలంచెను. రెండు వైపుల సేవయే కనబడువానిని ఏ మార్పు భయపెట్టగలదు?

బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు శ్రీవారు అప్రదక్షిణముగా అనంతాళ్వాను తోటకు వేంచేయు బాగ్ సవారి ఉత్సవము నేటికిని జరుగుచున్నది. వాహనముల వైభవమంతయు ముగిసిన పిదప స్వామి ఒక తోటమాలి పనిచేసిన స్థలమును చూడ పోవుచున్నాడు. శ్రద్ధతో చేసిన పనియొద్దకు స్వామి తానే నడచి రాగలడనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇకమీదట మహాద్వారమున అడుగిడు భక్తుడు ఒక్కక్షణము తలయెత్తి ఆ గునపమును దర్శించుగాక. తన కలమును, తన నాగలిని, తన కత్తెరను, తన గరిటెను, తన యంత్రమును మనస్సున దాని ప్రక్కన ఉంచి స్వామికి అప్పగించుగాక. కొండ దిగిన పిదప మరల అదే పనియందు ప్రవేశించునప్పుడు, త్రోవ మలుపున గంప అందుకొనుటకు నిలచియున్న ఆ బాలుని గుర్తించు వివేకమును శ్రీ పద్మావతీ సమేతుడగు శ్రీనివాసుడు అందరికిని ప్రసాదించుగాక.